మాల తీసిన మర్నాటి నుంచి: మందు మానాక మళ్లీ నిలదొక్కుకోవడం ఎలా

కార్తీక మాసం వచ్చిందంటే మన గోదావరి ఊళ్లలో సాయంత్రం పూట బెల్టు షాపుల దగ్గర జనం పల్చబడతారు. నల్లబట్టలు కట్టినవాళ్లలో చాలామందికి అయ్యప్ప మీద ఎంత భక్తి ఉంటుందో, ఈ నలభై ఒక్క రోజులైనా మందు ముట్టకుండా ఉందామన్న ఆశ కూడా అంతే ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్లకైతే ఆ ఆశ ఇంకా ఎక్కువ. ఆగుతారు కూడా. ఇరుముడి కట్టుకుని కొండకెళ్లి వచ్చి, మాల తీసిన రాత్రికే కొందరు, సంక్రాంతికి మిగతావాళ్లు మళ్లీ మొదలుపెడతారు. "ఆడింతే, మారడు" అని ఊరు తేల్చేస్తుంది.

అన్ని రోజులు ఆగినవాడికి మనసు గట్టిది కాదనడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఆ రోజుల్లో ఏం జరిగిందో చూడండి. తెల్లవారుజామున చన్నీటి స్నానం, పూజ, ఒంటిపూట భిక్ష, సాయంత్రం పీఠం దగ్గర భజన, నేల మీద పడక, చుట్టూ తోటి స్వాములు, చిన్న పిల్లల దగ్గర్నుంచి సర్పంచ్ గారి దాకా అందరూ "స్వామీ" అని పిలవడం. గంటగంటకీ ఒక పని ఉంది, పక్కన మనుషులున్నారు, ఊళ్లో మర్యాద ఉంది. మాల తీయగానే ఈ మూడూ ఒకేసారి పోయి, మిగిలేది ఒట్టు ఒక్కటే. ఒట్టు మీద ఎన్నాళ్లని నిలబడతారు ఎవరైనా?

అందుకే ఇక్కడ రాసేదంతా ఆ మూడింటినీ మళ్లీ ఎలా ఏర్పాటు చేసుకోవాలన్నదే. మాల వేసినవాళ్లకే కాదు, చర్చిలో ప్రార్థన చేయించుకుని మానినవాళ్లకీ, రంజాన్ నెలంతా ఆగి అలాగే ఉండిపోదాం అనుకునేవాళ్లకీ, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్లకీ ఇదే పద్ధతి. "మీరు" అన్నది మానినవాళ్లని, మానాలనుకుంటున్నవాళ్లని. ఇంట్లోవాళ్లకి చెప్పాల్సింది విడిగా రాశాను.

1. ముందు డాక్టరు, ఆ తర్వాతే దీక్ష

రోజూ తాగేవాళ్లు, అందులోనూ పొద్దున్నే ఒక గుక్క పడితేగానీ చేతుల వణుకు తగ్గనివాళ్లు, ఉన్నట్టుండి ఆపేయకూడదు. ఆపిన ఆరేడు గంటల నుంచి వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, చనిపోయిన తండ్రి పిలుస్తున్నాడంటారు, ఏ ఊళ్లో ఉన్నారో చెప్పలేరు, ఒళ్లు కాలిపోతుంటుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణం మీదకి వస్తుంది. మన దగ్గర దీన్ని చూసి గాలి సోకిందనో, దీక్షలో నియమం తప్పాడనో అనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తారు. తాయెత్తు తర్వాత కట్టించుకోవచ్చు, ముందు 108కి ఫోన్ చేయండి.

మాల వేసుకుందామనుకుంటే వారం పది రోజుల ముందే డాక్టర్ని కలవండి. రోజుకి ఎంత తాగుతారో, ఎన్నేళ్లుగానో, ఇంతకు ముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయో లేదో దాచకుండా చెప్పండి. క్వార్టర్ తాగి పెగ్గు అని చెబితే మాత్రల డోసు తప్పుతుంది, నష్టం మీకే. వణుకు తగ్గడానికి సాధారణంగా క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు కొన్ని రోజులిచ్చి క్రమంగా తగ్గిస్తూ ఆపేస్తారు. ఇవి వాడే రోజుల్లో మత్తుగా ఉంటుంది. కొబ్బరి దింపుకి చెట్టెక్కకండి, ఆటో నడపకండి, రాత్రిపూట చెరువు గట్టు మీద ఒంటరిగా తిరగకండి. డాక్టరు రాసిన చీటీ చూపించి మీ అంతట మీరు మళ్లీ మళ్లీ కొనుక్కుంటే ఒక అలవాటు పోయి ఇంకోటి పట్టుకుంటుంది.

ఇంకో మాట. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు మంచివారే కావచ్చు, అర్ధరాత్రి లేపినా వస్తారు, కానీ నీరసంగా ఉన్నాడని గ్లూకోజు బాటిల్ పెట్టబోతే ఒక్క నిమిషం ఆపి బి1 ఇంజెక్షన్ సంగతి అడగండి. ఏళ్ల తరబడి తాగి సరిగ్గా తిననివాళ్ల ఒంట్లో ఈ విటమిన్ అడుగంటిపోయి ఉంటుంది. బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే కళ్లు తిరిగి, నడక తూలి, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. పెద్దాస్పత్రుల్లో ముందు బి1 ఇచ్చేది ఇందుకే.

"తాగేవాడికి తెలియకుండా మాన్పిస్తాం" అని కరెంటు స్తంభాల మీద అంటించే కాగితాలు మీరూ చూసే ఉంటారు. ఆ పొడిలో ఏముందో మనకి తెలియదు. డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే మందు ఒకటుంది, అది వేసుకున్నాక మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండెకి ముప్పు రావచ్చు. అందుకే దాన్ని మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు. అలాంటిది చారులో కలిపి పెట్టడం అంటే ఇంట్లోవాళ్లే ప్రాణం మీదకి తేవడం. తాగాలన్న యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు కూడా ఉన్నాయి, లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఏది పడుతుందో డాక్టరే చెప్పాలి.

ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, వ్యసనాల విషయంలో సాయానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది. మనసు బాగోలేక, నిద్ర లేక, బతకాలనిపించక ఉంటే 14416, టెలి మానస్, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. కాకినాడ జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాస్పత్రిలో, మానసిక వైద్య విభాగం ఉంది. పిచ్చాస్పత్రి అని సిగ్గుపడకండి, ఓపీలో మీ పక్కన కూర్చునేవాళ్లలో నిద్ర పట్టని టీచర్లు, పరీక్షల టెన్షన్ పిల్లలు కూడా ఉంటారు.

2. సెంటర్లో చేరాలంటే

అందరికీ డీఅడిక్షన్ సెంటర్ అక్కర్లేదు. ఫిట్స్ వచ్చినవాళ్లకీ, ఇంట్లో చూసుకునే మనిషి లేనివాళ్లకీ, పలుమార్లు మాని మళ్లీ తాగినవాళ్లకీ అవసరం పడుతుంది. చేరే ముందు స్వయంగా వెళ్లి చూడండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రిపూట నర్సు ఉంటారా, ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారా అని అడగండి. ఆ చట్టం ప్రకారం మనిషిని గొలుసులతో కట్టేయడం నేరం. నాలుగు దెబ్బలు తగిలితేగానీ దారికి రాడు అని వాళ్లే గొప్పగా చెబితే ఇంకేం అడగకుండా వెనక్కి వచ్చేయండి. వ్యాన్‌లో మనుషుల్ని పంపి రాత్రికి రాత్రి ఎత్తుకెళ్తాం అనేవాళ్లతో కూడా అంతే.

3. సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా

నన్నడిగితే అసలు పనంతా ఇక్కడే ఉంది. పగలు పనిలో గడిచిపోతుంది. పొద్దు వాలగానే ఒళ్లు అలిసి, కడుపు ఖాళీగా, జేబులో కూలి డబ్బులతో, సెంటరు మీదుగా ఇంటికి రావాలి. ఈ నాలుగింట్లో కనీసం మూడింటిని మార్చండి.

ముందు కడుపు. పని దిగగానే ఏదో ఒకటి తినండి, ఇంటికొచ్చేదాకా ఆగకండి. ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్లు, పొద్దున డబ్బాలో పెట్టుకున్న పులిహోర, ఏదైనా సరే. ఆకలి, యావ ఒకలాగే ఉంటాయి మొదట్లో, తేడా తెలియదు. తిన్నాక కూడా లాగుతుంటే ఒక అరగంట ఏదైనా పనిలో పడండి, ఆ లాగడం సాధారణంగా అంతకు మించి ఉండదు, ఎక్కి దిగిపోతుంది. తీపి మీదకి మనసు పోతుంది, మొదటి నెలల్లో బెల్లం ముక్క తిన్నా తప్పులేదు, షుగరు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగాలి.

తర్వాత దారి. లాకుల దగ్గర్నుంచి ఇంటికి ఎప్పుడూ వచ్చే రోడ్డు మీద షాపు ఉంటే, కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి రండి. ఓ కిలోమీటరు ఎక్కువైతే అవుతుంది. యానాంలో పనుంటే ఇంకొకర్ని పంపండి లేదా ఇంటావిడతో కలిసి వెళ్లండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమంతో 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధమే వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ నిషేధం ఉన్న రోజుల్లోనూ యానాం పుదుచ్చేరి కిందే ఉంది, నిషేధం అక్కడికి వర్తించలేదు, గోదావరి కూడా మన పక్కనే ఉంది. చట్టం వస్తుంది పోతుంది, మీరు ఇంటికి వచ్చే దారి మాత్రం మీ చేతిలో ఉంది.

ఇక ఆ గంటలు. ఎవరో ఒకరు మీకోసం ఎదురుచూసే పని పెట్టుకోవాలి, ఇష్టమైతే చేసేది కాకుండా. ఇంట్లో గేదె ఉన్నవాళ్లకి ఇది తేలిక. ఐదింటికి గడ్డి వేసి, కుడితి పెట్టి, పాలు తీసి, పాలకేంద్రం మూసేలోపు క్యాన్ పట్టుకెళ్లాలి, అక్కడ ఫ్యాట్ చూసి చీటీ ఇస్తారు, మీరు రాకపోతే "ఏమైంది, పాలు రాలేదు" అని పక్కవాళ్లే అడుగుతారు. గేదె పొదుగుకి మీరు ఒట్టు వేశారా లేదా తెలియదు, టైముకి మనిషి రావాలంతే. గేదె లేనివాళ్లని అప్పు చేసి కొనమని చెప్పడం లేదు. పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకురావడం, గుళ్లో సాయంత్రం గంట కొట్టి దీపం పెట్టే బాధ్యత, చర్చిలో కుర్చీలు వేసే పని, హైస్కూల్ గ్రౌండులో వాలీబాల్ నెట్టు కట్టడం, ఏదైనా రోజూ అదే టైముకి ఉండాలి. పీఠం పెట్టిన గురుస్వామి మంచివారైతే, మాల తీశాక కూడా శనివారం భజనకి రమ్మంటారా అని అడగండి, కాదనరు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) గురించి కూడా చెప్పాలి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టింది. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, మాని ఉన్నవాళ్లు తమ సంగతి చెప్పుకుంటారు. మాలలో ఉన్నప్పుడు తోటి స్వామి ఇచ్చిన బలం ఇక్కడ ఏడాది పొడుగునా దొరుకుతుంది. మీకు దగ్గరలో ఏ టౌన్లో, ఏ రోజు కలుస్తారో పైన చెప్పిన నంబర్లలో, ఆస్పత్రి కౌన్సిలర్ దగ్గర వాకబు చేయండి.

స్నేహితులు ఊరుకోరు. "బావా, ఒక్క పెగ్గే, నా మీద ఒట్టు" అంటారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి, వాదించేవాడు పది నిమిషాల్లో కూర్చుంటాడు. "లివర్ మాత్రలు వాడుతున్నాను బావా, డాక్టరు చంపేస్తాడు" అని నవ్వేసి, నిలబడ్డ చోటు నుంచి కదలండి. కల్లు అయితే పర్లేదు, ఒంటికి మంచిది అనేవాళ్లు ఉంటారు. పులిసిన కల్లులో ఉండేదీ ఆల్కహాలే. బీరూ అంతే.

నిద్ర వెంటనే రాదు, వారాలు పట్టొచ్చు, కొందరికి నెలలు. టీ సాయంత్రం తర్వాత ఆపేయండి, పొద్దున లేచే టైము మార్చకండి. ఫోన్లో రమ్మీ, బెట్టింగ్ జోలికి పోకండి, రాత్రి పొద్దుపోనివాళ్లని అవి బాగా పట్టుకుంటాయి.

4. డబ్బు, అప్పులు

మొదటి ఆరు నెలలు జేబులో డబ్బు తక్కువ ఉండాలి. కూలి ఏ రోజుకారోజు చేతికిచ్చే పని అయితే, మేస్త్రిని అడిగి వారానికోసారి ఇంటావిడ ఖాతాలో వేయించుకోండి. ఫోన్‌పే ఉన్న సిమ్ము మీ దగ్గరుంటే దాన్ని రెండొందలో మూడొందలో ఉండే వేరే ఖాతాకి కలపండి. ధాన్యం డబ్బు, కొబ్బరి డబ్బు, రొయ్యల పట్టుబడి డబ్బు పడే రోజు ముందే తెలుస్తుంది కదా, ఆ రోజు ఎక్కడుండాలో ముందే ఖాయం చేసుకోండి. నష్టం వచ్చిన రోజు తాగుతారని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో చెరువు బాగా పండిన రోజే ఎక్కువమంది జారిపోతారు.

ఇప్పుడు అప్పులు. పిల్లల పాత నోట్సులో ఒక ఖాళీ పేజీ తీయండి. నిలువుగా నాలుగు గీతలు: ఎవరికి, అసలు ఎంత, వడ్డీ ఎంత, కాగితం ఏముంది. ఇంటావిడని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి, ఎందుకంటే మీకు గుర్తులేని అప్పులు ఆవిడకి గుర్తుంటాయి. మా బాబాయి ఒకాయన ఇలా కూర్చున్నప్పుడు ఆయన చెప్పిన పేర్లు సగం పేజీకి వస్తే పిన్ని చెప్పినవి వెనక పేజీకి వెళ్లాయి. పాలావిడకి 1,340, కిరాణా కొట్లో పద్దు, తోటికోడలి దగ్గర తెచ్చిన గాజులు, సహకార సంఘంలో పంట లోను, ఇద్దరి దగ్గర నోట్లు, ఒక డైలీ ఫైనాన్స్. గాజుల మాట వచ్చినప్పుడు ఆయన పెన్ను పక్కన పెట్టేసి లేచి వెళ్లిపోయారు. పిన్ని ఏమీ అనకుండా ఆ వరస తనే రాసి, పెన్ను మూత పెట్టి, మర్నాడు పొద్దున్నే మళ్లీ పుస్తకం తీసింది. ఒక్క పూటలో అవ్వాలని లేదు.

రాశాక వడ్డీని ఏడాది లెక్కలోకి మార్చండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36, ఐదు రూపాయలంటే 60. యాభై వేలు మూడు రూపాయల వడ్డీకి ఉంటే నెలకి 1,500 వడ్డీకే పోతుంది, అసలు అలాగే కూర్చుంటుంది. డైలీ ఫైనాన్స్ ఇంకా అన్యాయం. పదివేలని చెప్పి, 8,500 చేతిలో పెట్టి, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటే వడ్డీ ఎంత పడిందో కూర్చుని లెక్కేయండి. అందుకని తీర్చే వరస ఇలా పెట్టుకోమంటాను: ముందు పాలావిడ, కిరాణా కొట్టు, ఎందుకంటే చిన్న మొత్తం, పైగా వచ్చే నెల పిల్లలకి పాలూ బియ్యం ఇచ్చేది వాళ్లే. తర్వాత అందరికంటే ఎక్కువ వడ్డీవాడు. బ్యాంకు, సొసైటీ అప్పులకి మేనేజర్ని కలిసి గడువు గురించి, వాయిదాల గురించి మాట్లాడండి, తప్పించుకు తిరిగితే నోటీసు వస్తుంది. గొలుసు తాకట్టు పెట్టి ఉంటే వేలం తేదీ కనుక్కుని కనీసం వడ్డీ కట్టి తిరగరాయించండి.

ప్రాంసరీ నోటు మీద ఎంత కట్టినా నోటు వెనకే తేదీతో చెల్లు రాయించండి. నోటి మాట, వాట్సాప్ మెసేజీ మీద ఉండిపోకండి. అయితే ఇది తెలుసుకుని చేయండి: మామూలుగా నోటుకి కాలపరిమితి మూడేళ్లు, గడువులోగా కట్టి చెల్లు మీద సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. మొత్తం తీరిన రోజు నోటు వెనక్కి తీసుకుని ఇంటికొచ్చేయండి, "ఎక్కడో ఉంది, రేపిస్తా" అంటే ఆ చివరి వెయ్యి కూడా రేపే ఇస్తానని చెప్పండి.

అప్పులవాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి, వాళ్లు గుమ్మం ముందుకొచ్చి అరవకముందే. పెద్ద మాటలొద్దు. "అండీ, మందు మానేశాను, నెలకి వెయ్యి ఇవ్వగలను, ఐదో తారీఖున ఇస్తాను" అంటే చాలు. ఇవ్వగలిగినదానికంటే కాస్త తక్కువే ఒప్పుకోండి. ఒప్పుకున్నది ఐదో తారీఖుకి ఇవ్వండి, ఆరో తారీఖుకి కాదు. "స్వామీ" అని పిలిచినప్పుడు వచ్చిన మర్యాద నెమ్మదిగా ఇలాగే తిరిగొస్తుంది.

5. పని

రొయ్యల చెరువు కాపలా వద్దు, కనీసం మొదటి ఏడాది. డబ్బు బాగానే ఇస్తారు, షెడ్డు ఉంటుంది, కానీ రాత్రంతా ఏరియేటర్ల చప్పుడు తప్ప మనిషి అలికిడి ఉండదు, పక్క చెరువు కాపలావాడు సీసాతో వస్తాడు. పగటి పని, నలుగురితో కలిసి చేసే పని వెతకండి. కడియం, కడియపులంక నర్సరీల్లో మట్టి కలపడం, కవర్లు నింపడం, మొక్కలు లోడు చేయడం ఉంటాయి, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి చేస్తారు, సాయంత్రానికి అయిపోతుంది. రైసు మిల్లు, కొబ్బరి ఒలుపు, టౌన్లో షాపు, ఏదైనా. దింపు కార్మికులు మాత్రం చేతుల వణుకు పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పేదాకా చెట్టు జోలికి పోకండి.

వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు పొలం పనులుండవు. ఆ రెండు నెలలకి ఏం చేస్తారో దాళ్వా (రెండో పంట) కోతల టైములోనే అనుకోండి. వరదలొచ్చి లంకలు మునిగినప్పుడు కూడా అంతే, పునరావాస కేంద్రంలో ఖాళీగా పడుకోకుండా వంట దగ్గరో పడవ దగ్గరో చేరిపోండి. గల్ఫ్ వెళ్లిపోతే మారిపోతాడులే అని కొందరు అప్పు చేసి పంపిస్తారు. మొదటి ఏడాదిలో మాత్రం వద్దంటాను, మాట్లాడుకునే మనిషి లేని గదిలో, నెత్తి మీద ఏజెంటు డబ్బు అప్పుతో ఉండటం మానినవాడికి మంచిది కాదు.

6. సంక్రాంతి మూడు రోజులు

భోగికి ముందు వారమే కూర్చుని ప్లాన్ వేసుకోండి. కోడిపందేల బరి దగ్గరికి "చూడ్డానికే" వెళ్లడం అంటూ ఉండదు, అక్కడ పందెం, మందు, గుండాట ఒకే పందిరి కింద ఉంటాయి. హైదరాబాద్ నుంచి వచ్చే బావమరుదులకి ముందే ఫోన్ చేసి సీసాలు తేవద్దని చెప్పండి, మీకు మొహమాటమైతే అత్తగారి చేత చెప్పించండి, అత్తగారి మాట ఇంకా బాగా పనిచేస్తుంది. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పిల్లల్ని తీసుకుని వెళ్లొచ్చు, పదకొండు ఊళ్ల ప్రభలు వస్తాయి, కానీ పొద్దున్నే వెళ్లి, పిల్లల చెయ్యి వదలకుండా, చీకటి పడకముందే ఇంటికి చేరండి. పెళ్లిళ్లకీ పెద్దకార్యాలకీ ఇదే పద్ధతి. భోజనం చేసి, కనబడాల్సిన వాళ్లకి కనబడి, వచ్చేయడం.

7. మళ్లీ తాగితే

జరగొచ్చు. చాలామందికి జరుగుతుంది. ఒక రాత్రి తాగితే పొద్దున్నే లేచి, ఎలాగూ పోయింది కదా అని రెండో రోజు తాగకుండా ఉండటమే అప్పటి పని. ముందే ఒక మనిషి నంబరు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి, ఏఏ మిత్రుడో, కౌన్సిలరో, గురుస్వామో, ఆ పొద్దున ఆయనకి ఫోన్ చేయాలి. వరసగా కొన్ని రోజులు తాగేసి ఉంటే మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, మళ్లీ మొదటి మెట్టు, డాక్టరు. తర్వాత ఆ రోజు ఐదున్నర నుంచి ఏం జరిగిందో రాయండి: ఏం తిన్నారు, ఎటునుంచి వచ్చారు, జేబులో ఎంత ఉంది, ఎవరు కలిశారు. కారణం సాధారణంగా ఆ నాలుగింట్లోనే దొరుకుతుంది.

8. ఇంట్లోవాళ్లకి

అమ్మా, మోటారు షెడ్డులో, బియ్యం డబ్బాలో సీసాలు వెతకడం మీ ఉద్యోగం కాదు. గుమ్మంలో నిలబెట్టి నోరు వాసన చూడకండి, అన్నం టైముకి పెట్టండి, డబ్బు మీ ఖాతాలో ఉంచుకోండి, ఆయన బయట చేసిన కొత్త అప్పుకి మీరు హామీ సంతకం పెట్టకండి. చెయ్యి చేసుకుంటే మాత్రం "మానుతున్నాడు కదా, టెన్షన్‌లో ఉన్నాడు" అని ఓర్చుకోవాల్సిన పని లేదు. 112, లేదా మహిళలకి 181. గృహహింస చట్టం 2005 నుంచీ ఉంది, అదే ఇంట్లో ఉంటూనే రక్షణ అడగొచ్చు. తాగేవాళ్ల కుటుంబాలకి అల్-అనాన్ అని విడిగా బృందాలున్నాయి, ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు.

పిల్లలు వెంటనే దగ్గరికి రారు, పెద్దపిల్ల అసలు మాట్లాడకపోవచ్చు. బతిమాలించకండి. మానినాయన ఫీజు తేదీకి ఫీజు కట్టి, పేరెంట్స్ మీటింగుకి శుభ్రంగా వెళ్లి కూర్చుని వస్తే ప్రస్తుతానికి చాలు.

9. మనిషే పోయిన ఇంట్లో

అన్ని ఇళ్లలోనూ మనిషి నిలబడడు. లివరు పోయో, బండి మీద నుంచి పడో, కాలవలో పడో పోయినవాళ్ల భార్యలు ఇది చదువుతుంటే, మీ పని వరస వేరు. మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించండి, దాటితే ఆలస్య రుసుము, అనుమతులు అంటూ తిప్పుతారు. సర్టిఫికెట్ కాపీలు నాలుగైదు తీసుకోండి. ప్రమాదంలో పోతే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు జాగ్రత్త చేయండి.

తర్వాత ఆయన బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీ వేయించి, ఒక్కో వరసా వేలు పెట్టి చూడండి. ఏడాదికోసారి 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమా, ఏ కారణంతో పోయినా రెండు లక్షలు నామినీకి రావాలి. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా, ప్రమాద మరణానికి రెండు లక్షలు. ఖాతా తెరిచినప్పుడు ఎవరో సంతకం పెట్టించుకుని ఉంటారు, ఇంట్లో ఎవరికీ తెలియదు, అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు. దాంతోపాటే సచివాలయంలో వితంతు పింఛనుకి, రేషన్ కార్డు మార్పుకి దరఖాస్తు పెట్టండి.

అప్పులవాళ్లు దినవారాల్లోనే వస్తారు. భర్త అప్పుకి మీరు సంతకం గానీ హామీ గానీ పెట్టి ఉండకపోతే, ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే మీ బాధ్యత, మీ కూలి డబ్బు, మీ పుట్టింటి పొలం దాంట్లోకి రావు. డ్వాక్రాలో మీ పేరు మీద తీసుకున్నది మాత్రం మీదే. పెద్దకార్యం అయ్యేదాకా ఏ కాగితం మీదా సంతకం, వేలిముద్ర వేయకండి, నోటు తిరగరాయమంటే అస్సలు వద్దు. పాత నోటు జిరాక్స్ ఇమ్మని అడిగి, దాని మీద తేదీ చూసుకోండి. తర్వాత మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి లేదా 15100కి ఫోన్ చేయండి, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. వెళ్లేటప్పుడు డెత్ సర్టిఫికెట్, పాస్‌బుక్, ఆ జిరాక్స్, ఆధార్ కార్డులు ఒక కవర్లో పెట్టుకెళ్లండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చి రాకండి.